ధర సరే, వాటా ఎంత?

2024 నవంబర్ 24, ఆదివారం. జెడ్డాలో ఐపీఎల్ మెగా వేలం నడుస్తోంది. నేను శని, ఆదివారాలు కలిసొచ్చాయని గోదావరిఖని వెళ్ళాను. టీవీ ముందు నేను, బాపు. రిషభ్ పంత్ పేరు పిలిచారు. చూస్తుండగానే పది, పదిహేను, ఇరవై దాటి, చివరికి 27 కోట్లకి లక్నో వాళ్ళు కొనుక్కున్నారు. ఐపీఎల్ చరిత్రలో అంత రేటు అంతకుముందు లేదు.

బాపు ముప్పై మూడేళ్ళు సింగరేణిలో బాయి పని చేసి రిటైరైన మనిషి. క్రికెట్ పెద్దగా పట్టదు. కాసేపు చూసి అడిగాడు.

"ఇరవై ఏడు కోట్లు జీతం. మంచిదే. మరి కంపెనీకి లాభమస్తె అండ్ల వాటా ఎంతిస్తరంట?"

"వాటా ఏం ఉండదు బాపూ. ఇదే ఇచ్చేది."

"గట్లెట్ల? ఆడేది వాళ్ళే గదా! యూనియన్ ఏం జేస్తంది మరి?"

"యూనియన్ కూడా లేదు."

"యూనియనే లేదా! అయితె చూసెటోనికి మస్తు ఇస్తున్నట్టే కొడ్తది గని, ఎంత మిగులుతందో ఎవనికెరుక?"

నేను నవ్వేశాను. కోట్లు తీసుకునేవాళ్ళకి యూనియన్ ఏంటి అనిపించింది. కానీ ఆ రాత్రి హైదరాబాద్ బస్సులో కూర్చున్నాక ఆ ప్రశ్న వదల్లేదు. ఫోన్లో లెక్కలు వేసుకుంటూ పోతే తెలిసిందేంటంటే... బాపు సరైన ప్రశ్నే అడిగాడు, నవ్విన నేనే తెలివితక్కువవాడిని. :)

బొగ్గు బెల్టు వాళ్ళకి ఇది తెలిసిందే గానీ, మిగతావాళ్ళ కోసం కాస్త చెప్పాలి. సింగరేణిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం ఉన్నాయి. 1990లలో ఈ కంపెనీ బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. మూతపడుతుందేమోనన్న భయం ఇంటింటా ఉండేదని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. కంపెనీ కోలుకుని లాభాల్లోకి వచ్చాక, ఆ లాభంలో కార్మికులకి వాటా ఇవ్వడం మొదలైంది. జీతం వేరు, దీపావళి బోనస్ వేరు, ఈ లాభాల వాటా వేరు. పది శాతంతో మొదలై పెరుగుతూ 2022-23కి 32, 2023-24కి 33, 2024-25కి 34 శాతం అయింది. ఎవరికెంత వస్తుందనేది ఆ ఏడాది ఎన్ని మస్టర్లు పడ్డాయి, ఎక్కడ పనిచేశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. దసరా ముందు ఈ డబ్బులు పడ్డాయంటే లక్ష్మీనగర్ బజార్లో నడవడానికి సందుండదు. మా ఇంట్లో మొదటి ఫ్రిజ్ అలా వచ్చిందే, నా ఇంజినీరింగ్ రెండో ఏడాది ఫీజు కూడా.

అందుకే మా ఊళ్ళో "నీకెంత జీతం" అన్న ప్రశ్నకి వెనకే "వాటా ఎంతొచ్చింది" అన్నది కూడా వస్తుంది. జీతం అంటే నీ పనికి కట్టిన ధర. వాటా అంటే ఆ కంపెనీ ఎదుగుదలలో నీకున్న హక్కు. ఈ రెండిటికీ ఉన్న తేడా బాయిలో దిగేవాడికి బాగా తెలుసు. ఏసీలో కూర్చుని కోడ్ కొట్టే నాకు తెలియలేదు.

సరే, ఇప్పుడు ఐపీఎల్ లెక్కలు చూద్దాం. కాస్త ఓపిక పట్టండి, కష్టమైన గణితమేమీ లేదు.

2008లో సోనీ, డబ్ల్యూఎస్‌జీ కలిసి పదేళ్ళ ప్రసార హక్కుల్ని ప్రచార ఖర్చుతో సహా 102.6 కోట్ల డాలర్లకి తీసుకున్నాయి. డాలరు 40 రూపాయలున్న రోజులు. అంటే సగటున ఏడాదికి 410 కోట్ల రూపాయలు. ఎనిమిది జట్లతో భాగిస్తే జట్టుకి 51 కోట్ల చొప్పున లెక్క. అప్పుడు ఒక జట్టు ఆటగాళ్ళ మీద వేలంలో పెట్టగలిగిన గరిష్ఠ మొత్తం 50 లక్షల డాలర్లు, సుమారు 20 కోట్లు.

2022 జూన్‌లో అమ్మిన హక్కులు 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ళకి 48,390 కోట్లు. ఏడాదికి 9,678 కోట్లు. పది జట్లతో భాగిస్తే ఒక్కో జట్టుకి 968 కోట్ల లెక్క. 2025 సీజన్‌కి ఒక జట్టు ఆటగాళ్ళ మీద పెట్టే మొత్తం మ్యాచ్ ఫీజులు, ప్రతిభ పారితోషికాలు అన్నీ కలుపుకుని 146 కోట్లు. (వేలం పర్సు మాత్రమే అయితే 120.)

అంటే జట్టు లెక్కన ప్రసార ఆదాయం 51 నుంచి 968కి, దాదాపు 19 రెట్లు పెరిగింది. ఆటగాళ్ళ మొత్తం 20 నుంచి 146కి, 7 రెట్ల చిల్లర. 2008లో ప్రసార ఆదాయంతో పోలిస్తే ఆటగాళ్ళకి దక్కింది 39 శాతం. ఇప్పుడు 15 శాతం. టైటిల్ స్పాన్సర్, టికెట్లు, జెర్సీ మీద పేర్లు వగైరా నేనసలు కలపనే లేదు. అవీ కలిపితే ఈ శాతం ఇంకా కిందికి పోతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన సవరణ. ప్రసార డబ్బంతా యజమానుల జేబులోకి పోదు. బోర్డు తన భాగం ఉంచుకుని సుమారు సగం జట్లకి పంచుతుంది. అలా చూసినా ప్రసారం మీదే ఒక్కో జట్టుకి ఏడాదికి 480 కోట్ల పైమాట. అందులో ఆటగాళ్ళకి పోయేది మూడో వంతుకన్నా తక్కువ.

మరి జట్టు ధర? 2008 జనవరిలో హైదరాబాద్ జట్టుని దక్కన్ క్రానికల్ వాళ్ళు 10.7 కోట్ల డాలర్లకి కొన్నారు. పదేళ్ళలో కట్టేలా, సుమారు 428 కోట్ల రూపాయలు. 2021 అక్టోబర్‌లో లక్నో జట్టు పలికిన ధర 7,090 కోట్లు. పదహారు రెట్లు!

వేలం రోజు టీవీలో మనకి కనపడేది 27 కోట్లు. మనం అక్కడే ఆగిపోయి "అబ్బ, ఎంత డబ్బో" అనుకుంటాం. ఆ 27 కోట్ల వెనక ఉన్న 9,678 కోట్లని ఎవరూ సుత్తి కొట్టి అరిచి చెప్పరు కదా.

ఇంకో ముచ్చట. మొదటి పదేళ్ళు జట్లు బోర్డుకి ఏటా ఒక నిర్ణీత మొత్తం కట్టేవి. 2018 నుంచి పాత జట్లు అలా కాకుండా తమ ఆదాయంలో 20 శాతం కట్టే పద్ధతిలోకి మారాయి. చూశారా? బోర్డు యజమానుల దగ్గర వాటా అడుగుతుంది. యజమానులు బోర్డు దగ్గర వాటా తీసుకుంటారు. ఈ మొత్తం గొలుసులో వాటా లేకుండా ఉత్త ధరతో సరిపెట్టుకునేది ఒక్క ఆటగాడే. వాటా అంత పనికిరానిదైతే మిగతా ఇద్దరూ దానికోసం ఎందుకు పట్టుబడతారు?

మన ఊరి జట్టు కథే తీసుకుందాం, హైదరాబాద్ కథ. 2008లో నాకు పదేళ్ళు. ఎద్దు బొమ్మ జెర్సీ కావాలని బాపుని సతాయించిన రోజులు.

అప్పట్లో కొన్ని జట్లకి 'ఐకాన్' ఆటగాడు అని ఉండేవాడు. వాళ్ళు వేలానికి రారు. జట్టులో అత్యధికంగా పలికినవాడి కన్నా 15 శాతం ఎక్కువ వాళ్ళకివ్వాలని నియమం. మన లక్ష్మణ్‌కీ ఆ అవకాశం వచ్చింది. ఆయన వద్దన్నాడు. తనకి పోయే డబ్బు మిగిలితే జట్టు ఇంకో మంచి ఆటగాడిని కొనుక్కుంటుందని. వేలంలో దక్కన్ ఛార్జర్స్ సైమండ్స్‌ని 13.5 లక్షల డాలర్లకి కొన్నారు. ఐకాన్‌గా ఉండి ఉంటే లెక్క ప్రకారం లక్ష్మణ్‌కి పదిహేనున్నర లక్షల డాలర్లు రావాలి. ఆయన తీసుకున్నది 3.75 లక్షలు. తేడా అప్పటి రూపాయల్లో నాలుగున్నర కోట్ల పైనే.

ఎంత మంచి మనిషి అని అందరం మురిసిపోయాం. మురవాల్సిందే. కానీ బాపు ప్రశ్న విన్నాక నాకు ఇంకోటి తట్టింది. జట్టు బాగుకోసం కోట్లు వదులుకున్న మనిషికి ఆ జట్టులో ఒక్క పైసా వాటా లేదు. 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో దక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచింది, ఫైనల్లో బెంగళూరు మీద 6 పరుగుల తేడాతో. జట్టు విలువ పెరిగితే ఆ పెరిగిందంతా యజమానిది. 2011 వేలానికి లక్ష్మణ్‌ని వదిలేశారు, కొచ్చి జట్టు 4 లక్షల డాలర్లకి కొనుక్కుంది. హైదరాబాద్ కోసం వదులుకున్నాయన హైదరాబాద్‌కే లేకుండా పోయాడు.

ఆ కొచ్చి జట్టు ఏమైంది? ఒక్క సీజన్ ఆడింది. 2011 సెప్టెంబర్‌లో బోర్డు దాన్ని రద్దు చేసింది. పదేళ్ళ తర్వాత, 2021లో, ఆ జట్టుకి ఆడిన బ్రాడ్ హాడ్జ్ తమకి ఇంకా 35 శాతం డబ్బు రావాల్సి ఉందని ట్విట్టర్‌లో అడిగాడు. పదేళ్ళ తర్వాత! ధర ఘనంగా పలికింది, చేతికి మాత్రం పూర్తిగా రాలేదు.

దక్కన్ ఛార్జర్స్ గతీ అదే. మాతృసంస్థ అప్పుల్లో మునిగింది. 2012 సెప్టెంబర్‌లో జట్టుని అమ్మకానికి పెడితే ఒకే ఒక్క బిడ్ వచ్చింది, పీవీపీ వెంచర్స్ 900 కోట్లకి. అది చాలదని తిరస్కరించారు. తర్వాత కోర్టులు, 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ, అది కట్టలేకపోవడం, అక్టోబర్‌లో జట్టు రద్దు. అదే నెల 25న సన్ టీవీ వాళ్ళు ఏడాదికి 85.05 కోట్ల చొప్పున హైదరాబాద్ జట్టు తీసుకున్నారు. సన్‌రైజర్స్ పుట్టింది. 2020లో ఒక మధ్యవర్తి, రద్దు చేయడం తప్పని పాత యజమానికి బోర్డు 4,800 కోట్లకు పైగా కట్టాలన్నాడు. 2021లో బాంబే హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది.

మూతపడిన జట్టు యజమాని 4,800 కోట్ల కోసం కొట్లాడొచ్చు, ఎందుకంటే కాగితం మీద ఆ ఆస్తి ఆయనది. అందులో ఆడినవాళ్ళకి ఆ కాగితంలో పేరు లేదు. మన దగ్గర కూడా లేదనుకోండి. 2009 కప్పు ఇప్పుడు ఎవరిదో చెప్పండి? సన్‌రైజర్స్ ఖాతాలో ఉన్నది 2016 కప్పు ఒక్కటే. మనం గెలిచామని వీధుల్లో టపాకాయలు కాల్చిన ఆ కప్పుకి ఇప్పుడు సొంతదారే లేడు.

ఈ మాట ఆఫీసులో లంచ్ దగ్గర ఎత్తితే మా టీమ్‌లో ఒకాయన అన్నాడు. "రిస్కు యజమానిది కదా బాస్. నష్టం వస్తే ఆటగాడు పంచుకుంటాడా? రెండు నెలల ఆటకి కోట్లు తీసుకుని ఇంకా వాటా కూడానా?"

మంచి ప్రశ్నే. కాదనను. మొదటి ఏళ్ళలో డబ్బు పెట్టడం ధైర్యమే. కానీ రిస్కు యజమాని ఒక్కడిదే అన్నది నిజం కాదు. కొచ్చి వాళ్ళ బకాయిలు చూశాం. ఫాస్ట్ బౌలర్ వెన్ను విరిగితే ఆ రిస్కు ఎవరిది? ముప్పై మూడేళ్ళ తర్వాత ఆటగాడి దగ్గర అమ్ముకోవడానికి ఏముంటుంది? పైగా ఇప్పటి ఐపీఎల్‌లో ఆట మొదలవకముందే ప్రసార డబ్బు ఖాయం. పదో స్థానంలో వచ్చినా జట్టుకి కోట్లు వస్తాయి. రిస్కు తగ్గేకొద్దీ వాటా పెరగాలి, ఇక్కడ ఉల్టా జరిగింది.

"కోట్లు తీసుకుంటున్నారు కదా" అన్నదానికి కూడా జవాబుంది. పంత్‌ని పక్కన పెట్టండి. వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని చూడండి. కొడుకు ఆట కోసం తండ్రి ఉద్యోగం వదిలేసిన ఇల్లు. సన్‌రైజర్స్ 2023కి 20 లక్షలకి తీసుకుంది. 2024లో 303 పరుగులు కొట్టి, ఆ సీజన్ ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు గెలిచినప్పుడు కూడా అతని ధర అదే 20 లక్షలు. జట్టు ఫైనల్ దాకా పోయింది. 2025కి 6 కోట్లకి ఉంచుకున్నారు, సంతోషం. కానీ ఆ పేలిన ఏడాది, అందరూ టీవీలకి అతుక్కుపోయిన ఏడాది? మన హైదరాబాద్ తిలక్ వర్మ 2022లో 1.7 కోట్లకి ముంబైకి పోయాడు. మూడు సీజన్లు అదే రేటు, మధ్యలో ఇండియాకి ఆడినా సరే. వేలం చక్రం తిరిగేదాకా ధర బిగిసిపోయి ఉంటుంది. వాటా అనేది ఉంటే, అది ఏ ఏటికాయేడు కదులుతుంది.

రేటు పెరిగినా ఒక్కోసారి చేతికి రాదు. 2025 సీజన్ నుంచి మినీ వేలంలో విదేశీ ఆటగాడికి పరిమితి పెట్టారు. 2025 డిసెంబర్‌లో కోల్‌కతా కామెరాన్ గ్రీన్‌ని 25.20 కోట్లకి పాడుకుంటే, అతనికి దక్కేది 18 కోట్లు, మిగతాది బోర్డుకి. కొన్నాక రాలేనంటే రెండేళ్ళ నిషేధం కూడా ఉంది, 2025లో హ్యారీ బ్రూక్‌కి అదే పడింది. మన సర్వీస్ బాండు గుర్తొస్తోందా? :)

క్రికెట్‌లో వాటా అనేది కుదరదా అంటే, కుదురుతుంది. ఆస్ట్రేలియాలో ఆటగాళ్ళకి బోర్డు ఆదాయంలో వాటా ఇచ్చే పద్ధతి 1990ల చివర్నుంచి ఉంది. 2017లో అక్కడి బోర్డు దాన్ని తీసేద్దామని చూసింది. ఆటగాళ్ళు ఒప్పుకోలేదు. జూన్ 30తో కాంట్రాక్టులు ముగిశాయి, సుమారు 230 మంది నెల రోజులకి పైగా ఉద్యోగం లేకుండా కూర్చున్నారు. ఆగస్టు మొదట్లో రాజీ కుదిరింది, వాటా నిలిచింది. అందులో గట్టిగా మాట్లాడినవాళ్ళలో ముందున్నది ఎవరనుకున్నారు? డేవిడ్ వార్నర్. అప్పటి మన సన్‌రైజర్స్ కెప్టెన్. తన దేశంలో వాటా కోసం కొట్లాడిన మనిషే ఇక్కడ ధరతో ఆడాడు. ఎందుకంటే అక్కడ ఆటగాళ్ళకి సంఘం ఉంది, ఇక్కడ లేదు. 2019లో మన దేశంలో ఒక క్రికెటర్ల సంఘం వచ్చింది గానీ, అందులో సభ్యత్వం రిటైరైనవాళ్ళకే. ఆడుతున్నవాళ్ళకి కాదు! బాయి దిగేవాళ్ళని వదిలేసి రిటైరైనవాళ్ళతో యూనియన్ పెట్టినట్టు.

అమెరికా ఫుట్‌బాల్ లీగ్‌లో ఆటగాళ్ళకి లీగ్ ఆదాయంలో సుమారు 48 శాతం. బాస్కెట్‌బాల్‌లో 49 నుంచి 51. ఇవేమీ యజమానుల మంచితనం వల్ల రాలేదు. బాస్కెట్‌బాల్‌లో 57 శాతం ఉండేది, 2011లో యజమానులు తాళాలేసి కిందికి దింపారు. అంటే వాటా కూడా శాశ్వతం కాదు. కాపలా కాసుకోవాల్సిందే.

ఇక్కడ ఇంకో ఊరి కథ చెప్పాలి. ఇంజినీరింగ్‌లో నా రూమ్మేట్ ఒకడు ఇప్పుడు కెనడాలో రెజైనా అనే ఊళ్ళో ఉంటున్నాడు. ఫోన్లో ఈ గొడవంతా చెప్తే, వాడు తాపీగా "మా ఊళ్ళో టీమ్ ఓనర్లు ఊరివాళ్ళేరా" అన్నాడు. సస్కాచెవాన్ రఫ్‌రైడర్స్ అని కెనడా ఫుట్‌బాల్ జట్టు. దానికి ఒక శేఠ్ లేడు. మామూలు జనం షేర్లు కొంటారు. డివిడెండు రాదు, కానీ ఓటుంటుంది, ఏటా జమాఖర్చులు అందరి ముందూ పెట్టాలి. రెజైనా జనాభా 2021 లెక్కల్లో 2,26,404. మా రామగుండం కార్పొరేషన్‌ది 2011 లెక్కల్లో 2,29,644. అదీ గనుల రాష్ట్రమే, బొగ్గు బదులు పొటాష్ ఎక్కువ. అంతే ఉన్న ఊరు ఒక ప్రొఫెషనల్ జట్టుని సొంతంగా నడుపుతోంది, 2025 నవంబర్‌లో లీగ్ కప్పు కూడా కొట్టింది. ఆ జట్టుని రాత్రికి రాత్రి ఎవడూ పేరు మార్చి ఎత్తుకుపోలేడు.

అలాగని అక్కడ ఆటగాళ్ళు కోటీశ్వరులేం కాదు. 2023కి కనీస జీతం 70 వేల కెనడా డాలర్లు. చాలామంది సీజన్ అయిపోయాక వేరే పనులు చేసుకుంటారు. లీగే చిన్నది. కానీ 2022లో ఆ కొద్దిపాటి జీతగాళ్ళే సమ్మె చేశారు, అది కూడా 1974 తర్వాత మొదటిసారి. లీగ్ ఆదాయం పెరిగితే ఆ పెరుగుదలలో తమకీ భాగం ఉండేలా ఒప్పందంలో రాయించుకున్నారు. చిన్న లీగ్‌లో చిన్న జీతగాడు అడగగలిగింది, ప్రపంచంలో అత్యంత ఖరీదైన క్రికెట్ లీగ్‌లో ఎవరూ అడగలేదు.

ఇక మన సంగతి. ఐటీలో ఉన్న మనందరం కూడా వేలంలో ఉన్నవాళ్ళమే కదండీ. ఒక ఆఫర్ చూపించి ఇంకో ఆఫర్, 30 శాతం హైక్, జాయినింగ్ బోనస్... నా మొదటి ఉద్యోగంలో ప్యాకేజీ ఏడాదికి 3.36 లక్షలు. చేరిన ఏడాదికి ఎవరో పొరపాటున పంపిన ఎక్సెల్ షీట్‌లో నా పేరు పక్కన బిల్లింగ్ రేటు కనపడింది. గంటకి 22 డాలర్లు. నెలకి 160 గంటలు, పన్నెండు నెలలు, డాలరు 70 అనుకున్నా ఇరవై తొమ్మిది లక్షల పైన. నా చేతికి వచ్చేది అందులో పదకొండు శాతం. ఆఫీసు ఖర్చులు, బెంచి మీద ఉన్నవాళ్ళ జీతాలు, మేనేజర్లు, అన్నీ అందులోనే పోవాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ రోజు దాకా నేను ఒక్కసారి కూడా "నా పనికి కంపెనీకి ఎంతొస్తోంది" అని అడగలేదు. "పక్కవాడికెంత" అని మాత్రం వంద సార్లు అడిగా. ఇదే వేలం చేసే మాయ. నువ్వు పక్కవాడి ధరతో పోల్చుకుంటావు, పైవాడి ఆదాయంతో కాదు. పంత్‌కి 27, శ్రేయస్‌కి 26.75 అని లెక్కలేస్తూ ఉంటాం, 9,678 గుర్తుకే రాదు.

సింగరేణిని ఆకాశానికెత్తుతున్నానని అనుకోకండి. అక్కడా తిరకాసులున్నాయి. 2023-24లో నికర లాభం 4,701 కోట్లు. కానీ 33 శాతం దాని మీద కాదు. విస్తరణకని ముందే 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద లెక్కగట్టి 796 కోట్లు పంచారు. మొత్తం లాభంతో చూస్తే అది 17 శాతమే. యూనియన్లు గొడవ చేశాయి, సహజమే. వాటా ఎంత శాతం అన్నది సగం ప్రశ్నే, దేంట్లో శాతం అన్నది మిగతా సగం. ఇంకో బాధ ఉంది. ఆ ఏడాది పర్మినెంట్ కార్మికుడికి సగటున 1.90 లక్షలు వస్తే, కాంట్రాక్టు కార్మికులకి తలా 5,000. అదీ చరిత్రలో మొదటిసారి. 2025లో 5,500. అదే దుమ్ము, అదే షిఫ్టు. గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఓటున్నవాడికి వాటా ఉంది, ఓటు లేనివాడికి చిల్లర ఉంది. ఐపీఎల్‌లో కూడా రేపు వాటా వస్తే అది పెద్ద పేర్లకే పోకుండా రంజీ ఆడేవాడికి, నెట్ బౌలర్‌కి చేరాలంటే ఇది గుర్తుంచుకోవాలి.

కాబట్టి నా వాదన ఇది. ఆటగాళ్ళ ధరలు ఎక్కువా తక్కువా అన్నది అసలు విషయం కాదు. ఆడుతున్నవాళ్ళకి ఒక సంఘం కావాలి. లీగ్ మొత్తం ఆదాయంలో ఆటగాళ్ళ వాటా ఇంత శాతం అని ముందే రాసిపెట్టాలి. 'ఆదాయం' అంటే ఏంటో కూడా అదే కాగితం మీద రాయాలి. పర్సు ఎంతన్నది బోర్డు దయ కాకూడదు, ఆ శాతం నుంచి దానంతటదే రావాలి. 39 నుంచి 15కి జారిపోయింది ఎందుకంటే పట్టుకునే చెయ్యి ఒక్కటి కూడా లేదు కనుక.

మా చిన్నాయన కొడుకుకి పదిహేడేళ్ళు. ఎడమచేతి స్పిన్. పొద్దున్నే ఐదింటికి లేచి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో బంతులేస్తాడు. వాడి కల వేలంలో పేరు రావడం. కనీస ధర 30 లక్షలైనా చాలంటాడు. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు బాపు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చెప్తున్నాడు.

"మంచిగ ఆడు బిడ్డా. ధర వాళ్ళే చెప్తరు, దానికేం ఫికర్ లేదు. వాటా మాత్రం ఎవడూ చెప్పడు. అది నువ్వే అడగాలె. ఒక్కనివి అడిగితె గేటు బయట నిలబెడ్తరు, నలుగురు కలిసి అడుగుండ్రి."

వాడికి ఎంత ఎక్కిందో తెలియదు. నాకు మాత్రం ఇరవై తొమ్మిదేళ్ళకి ఎక్కింది. వచ్చే అప్రైజల్‌లో ఏమడగాలో ఆలోచిస్తున్నా.

మీ ఎక్సెల్ షీట్‌లో మీ పేరు పక్కన ఎంతుందో ఎప్పుడైనా చూశారా?